ఈసీ నిల్ వచ్చింది కదా ఇంకేం చూడాలి అంటే, చూడాల్సింది చాలానే ఉంది

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇక్కడ మళ్లీ రాస్తా, తర్వాత చదివేవాళ్లకీ సంగతి తెలుస్తుంది. తెనాలి దగ్గర పల్లెటూళ్లో 12 సెంట్ల పాత పెంకుటింటి స్థలం. అమ్మేది ఒక్కగానొక్క కొడుకు. తండ్రి 2009లో పోయారు, వీలునామా రాయలేదు, తల్లి ఉన్నారు, ఇద్దరు ఆడపిల్లలు, చిన్నామె అమెరికాలో ఉంటుంది. వెనకవైపు పంట బోదె, అంటే పొలాలకి నీళ్లు పారే చిన్న కాలవ. పడమటి పక్కింటాయన ఈ స్థలంలోంచే తన పెరట్లోకి పోతుంటాడు. ఈసీ, అదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే 1983 నుంచి నిల్. మధ్యవర్తేమో కడిగిన ముత్యంలాంటి స్థలం, శుక్రవారం లోపు 10 లక్షలు అడ్వాన్సు ఇస్తే ఖాయం చేస్తా అంటున్నాడు. ఇవ్వొచ్చా అని అడిగారు.

వద్దండి. ఈ శుక్రవారం వద్దు, పై శుక్రవారం కూడా వద్దు. స్థలం చెడ్డదని కాదు, బాగానే ఉండొచ్చు, కానీ మీరు చెప్పిన నాలుగు ముక్కల్లోనే నాకు కనీసం మూడు బరువులు, అంటే ఈ స్థలం మీద వేరేవాళ్లకున్న హక్కులు, కనిపిస్తున్నాయి, వాటిల్లో ఒక్కటి కూడా ఈసీలో కనపడేది కాదు. నేను లాయర్ని కాను. 20 ఏళ్ల పైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాశా, ఇప్పుడు బ్యాంకు ప్యానెల్ లాయరు గారొకాయన దగ్గర లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, చూసిపెడుతున్నా. ఆఖరి మాట మీ లాయరు గారిదే, నేను చెప్పేది ఆయన దగ్గరికి ఏమేం పట్టుకెళ్లాలో, ఏమేం అడగాలో.

ముందు ఈసీ సంగతి. తెలుగులో ఋణభార పత్రం అని పెద్ద పేరుంది కాబట్టి జనం దాన్ని స్థలానికి ఇచ్చిన ఆరోగ్య సర్టిఫికెట్ అనుకుంటారు. అది కాదు. ఫలానా సర్వే నంబరు మీద, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, మా ఆఫీసు పుస్తకాల్లో ఏమేం దస్తావేజులు ఎక్కాయి అనే లిస్టు, అంతే. ఎక్కనిది అందులో రాదు. మీరు ఇచ్చిన నంబరు తప్పైతే కూడా నిల్ అనే వస్తుంది, ఎందుకంటే తప్పు నంబరు మీద నిజంగానే ఏమీ లేదు కదా. పాత డోర్ నంబరుతో ఒకసారి, కొత్త డోర్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, సబ్‌డివిజన్ అయితే దాంతో ఇంకోసారి తియ్యాలి. రీసర్వే అయిన ఊరైతే ఇప్పుడు ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత సర్వే నంబరు, కొత్త ఎల్పీఎం నంబరు రెండిటి మీదా చూడాలి. నేను చూసినంతలో నిల్ ఈసీల్లో సగానికి సగం నంబరు సరిగ్గా ఇవ్వక వచ్చినవే.

ఇంకో సంగతి. 1983 నుంచి నిల్ అంటే మీ మధ్యవర్తికి సంతోషం, నాకు అనుమానం. ఆన్‌లైన్లో మనకి దొరికేదే 1983 నుంచి. అంతకు ముందు ఆ తండ్రికి ఈ 12 సెంట్లు ఎలా వచ్చాయి? కొన్నారా, వాళ్ల నాన్న నుంచి వచ్చిందా, అన్నదమ్ములు పంచుకుంటే వచ్చిందా? కొన్నదైతే పాత దస్తావేజు ఉండాలి, దాని నంబరు, సంవత్సరం ఉండాలి. పేపర్ దొరక్కపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి పాత ఇండెక్సు పుస్తకాలు వెతికించండి, ఒకటో ఇండెక్సు పేర్ల మీద ఉంటుంది, రెండోది ఆస్తి మీద ఉంటుంది, నంబరు తెలియకపోయినా తాత పేరు మీద దొరికే అవకాశం ఉంది. పల్లెటూళ్లో పెంకుటిల్లు అంటున్నారు కాబట్టి బహుశా గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లకోసం ఉన్న స్థలం. గ్రామకంఠం అయితే అసలు దస్తావేజే లేకుండా మూడు తరాలు కాపురం చేసిన ఇళ్లు బోలెడు. అలాంటి వాటికి నిల్ ఈసీ అంటే ఏ బరువూ లేదని కాదు, ఏ కాగితమూ లేదని. అప్పుడు పంచాయతీలో ఇంటి పన్ను ఎవరి పేరున ఎప్పట్నుంచి కడుతున్నారు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, చుట్టుపక్కల వాళ్ల దస్తావేజుల్లో ఈ స్థలాన్ని హద్దుగా ఎవరి పేరుతో రాశారు, ఇవన్నీ కలిపి చూసుకోవాలి.

ఇక అసలు విషయానికొస్తే, స్థలం మీద బరువుల్ని నేను రెండు రకాలుగానే చూస్తా. పుస్తకాల్లో చాలా రకాలు ఉంటాయి, పనికొచ్చేది మాత్రం ఇదే. డబ్బు కడితే దిగిపోయేవి కొన్ని. బ్యాంకు తాకట్టు, పన్ను బకాయి, కరెంటు బకాయి, కోర్టు జప్తు, ఇవన్నీ ఎంత పెద్దవైనా ఒక అంకె ఉంటుంది, ఆ అంకె మీ అమ్మకం సొమ్ములోంచి మినహాయించి నేరుగా వాళ్లకే కట్టేస్తే గొడవ వదిలిపోతుంది. రెండో రకం డబ్బు పెట్టినా దిగవు, లేదా అవతలి మనిషి ఒప్పుకుంటే తప్ప దిగవు. ఆడపిల్లల వాటా, పక్కింటాయన దారి, సర్కారు నిషేధ జాబితా, పెద్దావిడకి జీవితకాల హక్కు, నడుస్తున్న కోర్టు కేసు. జనం మొదటి రకానికి భయపడతారు, తాకట్టు అనగానే వెనక్కి పోతారు. రెండోదాన్ని చూసి మాత్రం, ఆఁ ఏముందిలే ఊళ్లోవాళ్లమే కదా మాట్లాడుకుందాం అంటారు. నన్నడిగితే బ్యాంకు తాకట్టున్న స్థలం కొనడం, ఇద్దరు ఆడపిల్లల సంతకం లేని స్థలం కొనడం కంటే వెయ్యి రెట్లు నయం.

మీ కేసులో మొదటిది అదే. తండ్రి వీలునామా లేకుండా పోయారు. అది ఆయన సొంతంగా సంపాదించిందే అయితే 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు నలుగురూ సమానం, తలా 3 సెంట్లు. 2009లో ఆయన తల్లి, అంటే నాయనమ్మ, బతికుందేమో అది కూడా అడగండి, ఉంటే ఆవిడా మొదటి తరగతి వారసురాలే, అప్పుడు అయిదు వాటాలు. అదే పిత్రార్జితం అయితే లెక్క వేరు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, పెళ్లికాని ఆడపిల్లలకి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ రాష్ట్ర సవరణ వచ్చింది, ఎన్టీఆర్ హయాంలో. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వచ్చి పెళ్లైనా కాకపోయినా హక్కు ఇచ్చేసింది. దాని మీద కోర్టుల్లో చాలా ఏళ్లు తలోరకంగా తీర్పులొచ్చి చివరికి 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదు, కూతురికి పుట్టుకతోనే హక్కు అని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పారీఖత్తు (పంపకాల దస్తావేజు) గానీ కోర్టు డిక్రీ గానీ అయిపోయి ఉంటే అది వేరే సంగతి. మీ కేసులో తండ్రి పోయింది 2009లో, కాబట్టి పిత్రార్జితం అయితే ముందు తండ్రి, కొడుకు, ఇద్దరు కూతుళ్లకి నాలుగు వాటాలు, తండ్రి వాటాని మళ్లీ నలుగురికి పంచాలి, కొడుక్కి 16లో 5 వంతులు. 12 సెంట్లలో మూడు ముప్పావు సెంట్లు. ఎలా లెక్కేసినా మీకు 12 సెంట్లు అమ్ముతానంటున్న మనిషి దగ్గర నాలుగు సెంట్లు కూడా లేవు.

దీనికి మీ మధ్యవర్తి చెప్పబోయే సమాధానం నేనే చెప్తా. ఆడపిల్లలకి పెళ్లప్పుడు కట్నాలిచ్చాం, పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం, వాళ్లకింకేం హక్కు. ఈ మాట నేను నా బల్ల దగ్గర కొన్ని వందలసార్లు విన్నా. ఇచ్చింది ఇచ్చారు, సంతోషం, కానీ కట్నం ఇస్తే వాటా పోదు. రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు ఉందా లేదా అంతే. నోటిమాటతో వదిలేశాం అన్నదీ, 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి పెట్టుకున్నదీ సరిపోదు.

పైగా ఇక్కడ ఇంకో తిరకాసుంది, చాలామందికి తెలియదు. ఉమ్మడి కుటుంబం ఇంట్లో ఒక్కరి వాటా బయటివాడు కొంటే, ఆ ఇంట్లోకి వెళ్లి వాళ్లతో కలిసి ఉండే హక్కు ఆ కొన్నవాడికి ఉండదు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్. విభజన దావా వెయ్యాలి. అలా దావా వేస్తే కుటుంబంలో వాళ్లు, ఆ వాటా మేమే కొనుక్కుంటాం అని అడగొచ్చు కూడా, 1893 నాటి విభజన చట్టంలోనే ఉంది. అంటే మీరు ఇప్పుడు 10 లక్షలు, తర్వాత మిగతాది ఇచ్చి, చివరికి ఒక దావా నంబరు కొనుక్కున్నట్టు.

చెయ్యాల్సింది సింపుల్. తల్లి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు నలుగురూ అమ్మకందారులుగా ఒకే దస్తావేజులో సంతకం పెట్టాలి. అమ్మకందారులుగా అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, చెల్లెళ్ల చేత సాక్షి సంతకం పెట్టిస్తాం సరిపోతుంది అని చాలా దస్తావేజులు నడిపించేస్తారు. సాక్షి సంతకం అంటే అవతలివాడు సంతకం పెడుతుంటే నేను చూశాను అని మాత్రమే. లోపల ఏం రాసుందో తెలుసనీ కాదు, నా హక్కు వదులుకున్నాననీ కాదు. ఒకావిడ సరిగ్గా ఇదే మాట కోర్టులో చెప్పింది, మా అన్నయ్య రమ్మంటే వెళ్లి సంతకం పెట్టాను అని, ఆ దస్తావేజు రాసింది నేనే. అప్పటికి నాకూ తెలియదు. ఆ తర్వాత ఏ అక్కచెల్లెళ్లనీ సాక్షుల గడిలో పెట్టలేదు.

అమెరికా చెల్లెలు రానక్కర్లేదు. అక్కడ నోటరీ ముందు గానీ మన కాన్సులేట్లో గానీ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టి పంపిస్తుంది, ఆ కాగితం ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాలి, ఈ మూడు నెలలు దాటించి తలపట్టుకున్నవాళ్లు చాలామంది. పవర్‌లో ఈ స్థలం వివరాలు, అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉండాలి, నా ఆస్తులన్నీ చూసుకో అన్న రకం పవర్ వద్దు. రిజిస్ట్రేషన్ రోజున ఆమెతో వీడియో కాల్లో ఒకసారి మాట్లాడండి, చట్టంలో లేదు గానీ నేను చేయిస్తా. ఆమె ఎన్నారై కాబట్టి ఆమె వాటా సొమ్ముకి టీడీఎస్ లెక్క వేరే, 50 లక్షలు దాటితేనే ఒక్క శాతం అనే రూలు ఆమెకి వర్తించదు, కట్ చెయ్యకపోతే ఆ బాకీ మీ మెడకే చుట్టుకుంటుంది, ఆడిటర్ని అడిగి చెయ్యండి.

రెండోది పక్కింటాయన దారి. నాకు మీ ప్రశ్నలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే, మీరేమో చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం అని ఒకటుంది, బ్రిటిష్ వాళ్లది, ఇప్పటికీ అదే. ఒక మనిషి పక్కవాడి స్థలంలోంచి ఎవరినీ అడక్కుండా, దాచకుండా, తగాదా లేకుండా, హక్కుగా, 20 ఏళ్లు ఆపకుండా నడిస్తే అది హక్కైపోతుంది. స్థలం చేతులు మారినా ఆ హక్కు పోదు, కొత్త ఓనరు కూడా దారి ఇవ్వాల్సిందే. అదే పాత ఓనరు దయతలచి, నడువు బాబాయ్ దాందేముంది అని పర్మిషన్ ఇస్తే అది హక్కు కాదు, లైసెన్సు, మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. గొడవంతా ఈ రెండిటి మధ్యనే. ఇంకో రకం కూడా ఉంది, ఒకప్పుడు రెండు స్థలాలూ ఒకరివే అయ్యుండి, పంచుకున్నాక ఒకరికి వేరే దారే లేకుండా పోతే, అది అవసరం కొద్దీ వచ్చే దారి హక్కు, దానికి 20 ఏళ్లు కూడా అక్కర్లేదు. వేరే దారి ఏర్పడిన రోజున అది పోతుంది.

ఎలా తెలుసుకోవాలి? అమ్మేవాళ్లని అడిగితే దయ అంటారు, పక్కాయన్ని అడిగితే హక్కు అంటాడు. ఇద్దర్నీ అడక్కండి, కాగితాన్నీ నేలనీ అడగండి. నాకు గుర్తున్న కేసొకటి చెప్తా. అమ్మేవాళ్ల దస్తావేజులో పడమర హద్దు ఫలానా వారి స్థలం అని మాత్రమే ఉంది, దారి మాటే లేదు. పక్కవాళ్ల దస్తావేజు నకలు తీయిస్తే వాళ్ల తూర్పు హద్దులో, ఆరు అడుగుల నడక బాట, దాని తర్వాత ఫలానా వారి ఇల్లు, అని శుభ్రంగా చేతిరాతలో ఉంది. ఒకే గోడకి ఇటు ఒక మాట, అటు ఒక మాట. ఆ రెండో దస్తావేజు చూడకపోయుంటే మా పార్టీ, అంటే కొన్నాయన, కాంపౌండు వాల్ కట్టేసేవాడు, మర్నాడే ఇంజంక్షన్ ఆర్డరు చేతికొచ్చేది. హద్దుల పేరా రెండువైపులా చదవకుండా స్థలం కొనొద్దు అని నేను ఎవరికైనా చెప్తా, రిజిస్టరైన సేల్ డీడు నకలు ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, దానికి పక్కాయన పర్మిషన్ అక్కర్లేదు.

అలాగే ఒకరోజు పొద్దున్నే ఆరింటికి వెళ్లి అక్కడ నిలబడండి. ఆయన ఒక్కడే నడుస్తున్నాడా, గేదెల్ని తోలుకెళ్తున్నాడా, బండి పట్టే వెడల్పు వాడుతున్నాడా? పెరటి వైపు ఆయనకి గుమ్మం ఉందా, గుమ్మం ముందు రాతి మెట్లు అరిగిపోయి ఉన్నాయా? మెట్లు అరిగాయంటే 20 ఏళ్ల సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. దారి హక్కు ఉన్నంత మాత్రాన స్థలం కొనొద్దని కాదు, ఆరు అడుగులు పోతే మీ ఇంటి ప్లాను మారుతుంది, సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) మారతాయి, దానికి తగ్గట్టు రేటు తగ్గించి అడగండి. వీలైతే పక్కాయనతో కూర్చుని ఎన్ని అడుగులు, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, మనుషులకా బండ్లకా అని రాసుకుని రిజిస్టరు చేయించుకోండి, రేపు ఆరు అడుగులు పదడుగులు కాకుండా ఉంటుంది.

మూడోది వెనకాల బోదె, దాని గురించి ఎక్కువ రాయను. డెల్టాలో పంట బోదె పోరంబోకు కంచె లోపల కలుపుకోవడం ఊరూరా ఉన్నదే. దస్తావేజులో, పన్ను పుస్తకంలో ఎంత ఉంది, నేల మీద టేపు వేస్తే ఎంత వస్తోంది చూడండి. కాగితంలో 12 ఉండి నేల మీద 13 వస్తే ఆ అదనపు సెంటు ఎవరిదో మీకు తెలిసినట్టే. ఒక సెంటంటే 48.4 గజాలు, మీ ఊళ్లో ఇప్పుడు గజం ఎంత చెప్తున్నారో దానికి గుణించుకోండి, ఆ డబ్బు మీరు కాలవకి కడుతున్నట్టు. సర్వేయర్ని పెట్టి ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించండి, గ్రామకంఠం అయితే లోపలి ఇళ్లకి వేరే కొలతలు ఉండకపోవచ్చు, అప్పుడు కనీసం బయటి హద్దు అయినా తేలుతుంది.

మీరు చెప్పనిది ఇంకోటి, 22ఏ. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ అనే సెక్షన్ మన రాష్ట్రానికి 2007లో తెచ్చారు, అసైన్డు భూములు (సర్కారు పేదలకి పంచినవి), సర్కారు భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు, ఇవి రిజిస్టరు చెయ్యకుండా ఆపే జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. దీనితో చిక్కేంటంటే సర్వే నంబరులో ఒక మూల 20 సెంట్లు గుడిదైతే మొత్తం నంబరు జాబితాలోకి ఎక్కేసిన సందర్భాలున్నాయి, పాపం తరాలుగా కాపురం ఉన్నవాళ్లు కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. మీ స్థలం అందులో ఉంటే, మేం తీయిస్తాం సార్ మీరు అడ్వాన్సు ఇవ్వండి అంటారు. తీయించాకే ఇవ్వండి. ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట, అసైన్డు భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు, కొన్నవాణ్ని ఖాళీ చేయించి భూమి వెనక్కి తీసుకోవచ్చు. ఆంధ్రలో 2023లో, ఇచ్చి 20 ఏళ్లు దాటిన వాటికి కొన్ని షరతులతో సడలింపు తెచ్చారు, 2024లో ప్రభుత్వం మారాక వాటి రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన పెట్టారు, కాబట్టి ఫ్రీహోల్డ్ అయిపోయింది, అమ్ముకోవచ్చు అని ఎవరైనా అంటే పాత జీవో జిరాక్స్ చూసి నమ్మొద్దు, ఆ రోజు పరిస్థితి ఏంటో తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి.

హైదరాబాద్‌లో అయితే ఏం చూడాలని కింద కామెంట్లలో ఒకరు అడిగారు కాబట్టి రెండు ముక్కలు. మీ దగ్గర అసలు బరువు చెరువు. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు నుంచి, 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, 2012లో వచ్చిన 168 జీవోలో ఉంది. మీ పేరున రిజిస్ట్రేషన్ అయినా, బ్యాంకు లోన్ ఇచ్చినా అక్కడ కట్టుకునే హక్కు రాదు, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక ఇది అందరికీ తెలిసొచ్చింది. ఇంకోటి, అపార్టుమెంటు బిల్డరు పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టే ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీకి తాకట్టు పెడతాడు, ఓసీ (నివాసయోగ్యత సర్టిఫికెట్) వచ్చాక విడిపిస్తారు. ఆ తాకట్టు ఫ్లాట్లలో మీది ఉందేమో ఫ్లాట్ నంబరుతో సహా అడగండి, చవగ్గా ఇస్తున్నాడంటే మరీ అడగండి.

మళ్లీ తెనాలికి వద్దాం. తాకట్టు విషయం. పాత దస్తావేజు ఉంటే ఒరిజినల్ మీ చేతికి తీసుకుని చూడండి, కలర్ జిరాక్స్ కాదు, వాట్సాప్ ఫోటో అసలే కాదు. ఎందుకంటే ఒరిజినల్ కాగితాలు తీసుకెళ్లి అప్పిచ్చినవాడి దగ్గర పెడితే చాలు, తాకట్టు అయిపోయినట్టే, ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్లోనే ఉంది, పట్టణాల్లో బ్యాంకులు చేసేది ఇదే. ఇప్పుడు చాలా బ్యాంకులు ఆ తాకట్టు రాసుకున్న కాగితాన్ని (మెమోరాండం) రిజిస్టరు చేయిస్తున్నాయి కాబట్టి ఈసీలో కనిపిస్తుంది, చేయించని పాతవి కనిపించవు. సెర్సాయ్ అని 2011 నుంచి ఒక కేంద్ర రిజిస్ట్రీ ఉంది, బ్యాంకులు ఇలాంటి తాకట్లు అందులో నమోదు చెయ్యాలి, చిన్న ఫీజుతో ఎవరైనా వెతుక్కోవచ్చు, మీ లాయరు గారిని చూడమనండి. ఒరిజినల్ పోయింది అంటే మాత్రం పోలీసు స్టేషన్ నుంచి నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్ (వెతికినా దొరకలేదనే కాగితం), పేపర్ ప్రకటన, రెండూ లేకుండా కదలొద్దు.

ఒకసారి ఒకాయన ఒరిజినల్ పట్టుకొచ్చాడు, అంతా పక్కాగా ఉంది. కాగితం ఎడమవైపు పైన మూల ట్యాగు దూర్చే చిల్లు, దాని పక్కన పెన్సిల్‌తో సన్నగా పదకొండంకెల నంబరు. ఇంట్లో బీరువాలో ఉన్న దస్తావేజుకి పంచింగ్ చిల్లు ఎవరు పెడతారు? ఇదేంటి బాబాయ్ అంటే, ఎప్పుడో లోను తీసుకున్నాం, కట్టేశాం, బ్యాంకువాళ్లు కాగితాలు ఇచ్చేశారు అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. కాగితాలు ఇచ్చారు గానీ రిజిస్టరైన ఆ తాకట్టుకి విడుదల రసీదు రిజిస్టరు చేయించుకోలేదు, ఈసీలో అది అలాగే కూర్చుంది. ఈలోపు ఆ బ్రాంచి ఇంకో బ్యాంకులో కలిసిపోయి పాత ఫైళ్లు ఎక్కడో గోడౌన్లో పడ్డాయి. అప్పు లేదు, బాకీ లేదు, ఒక్క కాగితం కోసం అయిదు నెలలు పట్టింది, కొనేవాడు విసుగొచ్చి వేరే స్థలం చూసుకున్నాడు. మీలో ఎవరైనా హోమ్ లోన్ తీర్చేసి ఉంటే ఇవాళే వెళ్లి మీ ఈసీ తీసి చూసుకోండి.

కోర్టు కేసు. ఆస్తి మీద దావా నడుస్తుండగా కొంటే, ఆ తీర్పు ఎలా వస్తే అలా కొన్నవాడి మీద కూడా పడుతుంది, నాకు తెలియదు అన్నా వినరు. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్. ఈకోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవాళ్ల పేర్లతో, తండ్రి పేరుతో కూడా, తెనాలి, గుంటూరు కోర్టుల్లో వెతకండి. పేరు స్పెల్లింగు నాలుగు రకాలుగా కొట్టండి, ఇంటిపేరు ముందు ఒకసారి, వెనక ఒకసారి.

ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం. స్థలంలో ఎవరైనా కాపురం ఉంటే, వాళ్లకి ఏ హక్కు ఉందో అది కొనేవాడికి తెలిసినట్టే చట్టం లెక్కేసుకుంటుంది. అద్దెకున్నామంటారా, పాత అగ్రిమెంటు మీద డబ్బిచ్చి ఉన్నామంటారా, మేనత్త కొడుకులమంటారా, మీరు అడగలేదు కాబట్టి తెలియదు అంటే కుదరదు. తలుపు కొట్టి, అమ్మా మీరు ఇక్కడ ఏ విధంగా ఉంటున్నారు అని అడగండి. తల్లి గారే ఆ ఇంట్లో ఉంటున్నారేమో కూడా చూడండి. మా ఊరి దగ్గర ఒకతను మనవడి దగ్గర ఇల్లు కొన్నాడు, నాయనమ్మ రాసిచ్చిన సెటిల్మెంటు దస్తావేజు, రిజిస్టరైంది, ఈసీలో కూడా ఉంది. మూడో పేజీలో, నా జీవితకాలం ఈ ఇంట్లో నివసించి అనుభవించు హక్కు నాకుంచుకొని, అన్న వాక్యం ఎవరూ చదవలేదు. ఇల్లు కొన్నాయన వచ్చేసరికి ముసలావిడ వసారాలో మంచం వేసుకుని, నాయనా ఇల్లు నీదే, నేను పోయాక అంది. తర్వాత తొమ్మిదేళ్లు ఉందావిడ, ఆయనే పండక్కి చీర పెట్టేవాడు.

డబ్బు దగ్గరికి వస్తే, స్థలం చేజారిపోతుందని నిజంగా భయంగా ఉంటే 10 లక్షలు కాదు, 50 వేలు టోకెన్ ఇవ్వండి, నగదు వద్దు, బ్యాంకు ద్వారా. ఒక కాగితం రాసుకోండి, అందులో తల్లి, కొడుకు, ఇక్కడున్న కూతురు ముగ్గురూ సంతకం పెట్టాలి, అమెరికా కూతురి పవర్ ఎన్ని రోజుల్లో తెస్తారో తేదీ ఉండాలి, ఆడపిల్లల సంతకాలు, సర్వే కొలత, 22ఏ క్లియరెన్సు, ఇందులో ఏది కుదరకపోయినా టోకెన్ వాపసు అని ఉండాలి. కొడుకు ఒక్కడే సంతకం పెట్టి, ఎట్టి తగాదాలు వచ్చినా నా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడను అని రాసిస్తానంటాడు, ప్రతి దస్తావేజులోనూ ఆ వాక్యం ఉంటుంది, నేనే వేలసార్లు రాశా. రేపు ఆయన చేతిలో డబ్బుంటేనే ఆ వాక్యానికి విలువ. ఆ తర్వాత లోకల్ పేపర్లో ఒక చిన్న ప్రకటన ఇప్పించండి, ఫలానా స్థలం కొంటున్నాం, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో చెప్పండి అని. పాత అగ్రిమెంటు పట్టుకుని ఎవడో ఉంటే అప్పుడే బయటికి వస్తాడు, రాకపోతే మీరు తెలియక మంచిగా కొన్నారు అనడానికి అదొక ఆధారం. మధ్యవర్తి ప్రకటన ఎందుకు సార్ అనవసరంగా గోల అంటే, ఆ గోల రిజిస్ట్రేషన్ కి ముందే కావాలి అని చెప్పండి.

పక్కింటాయన దస్తావేజు నకలు దొరికితే తూర్పు హద్దు వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ టైప్ చేసి పెట్టండి, పాత భాష అర్థం కాకపోయినా పర్లేదు, ఫోటోలో పేర్లు, నంబర్లు కనపడకుండా చూసుకోండి. చూసి చెప్తా.